స్కాన్ నార్మల్ అన్నారు... మళ్లీ ఎంఆర్ఐ ఎందుకు?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పెళ్లి కాలేదు. నాలుగేళ్లుగా నెలసరి వస్తే మెలికలు తిరిగిపోయేంత నొప్పి. ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్లాలంటేనే భయం. పొట్ట మీద స్కాన్ రెండుసార్లు చేశారు, రెండూ నార్మలే. ఇప్పుడు డాక్టర్ డీప్ ఎండోమెట్రియోసిస్ అనుమానంతో ఎంఆర్ఐ రాశారు. ఇంత ఖర్చు అవసరమా?
- ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: అవసరమే. నెలసరిలో కడుపునొప్పి చాలామందికి ఉంటుంది. కానీ ఆ రోజుల్లోనే మోషన్‌కి వెళ్తే నొప్పి అంటున్నారు చూడండి, అక్కడే అనుమానం వస్తుంది.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. అది పొత్తికడుపు లోపలి పొరను దాటి 5 మిల్లీమీటర్లకు మించి లోతుకు పాకితే డీప్ అంటాం. పొట్ట మీద చేసే స్కాన్‌లో అండాశయంలోని చాక్లెట్ సిస్టు (పాత రక్తం నిండిన తిత్తి) కనిపిస్తుంది గానీ, గర్భసంచి వెనక పేగుకు అతుక్కున్న గడ్డ తరచూ దొరకదు. యోని ద్వారా చేసే స్కాన్‌లో, చేసేవారికి అనుభవం ఉంటే, బాగానే తెలుస్తుంది. పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర అది సాధారణంగా చేయరు. అందుకే ఎంఆర్ఐ.

అందులో ఈ గడ్డ నల్లటి ముడిలా, పేగును గర్భసంచి వైపు లాక్కుని కనిపిస్తుంది. కిడ్నీ నుంచి మూత్రాన్ని కిందికి తెచ్చే మూత్రనాళం నొక్కుకుపోయిందేమో కూడా చూస్తాం. ఎందుకంటే నొప్పి లేకుండానే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆపరేషన్ దాకా వస్తే పేగుల సర్జన్ పక్కన ఉండాలా అన్నదీ ముందే తేలుతుంది.

చీటీలో ‘ఎంఆర్ఐ పెల్విస్’ అని మాత్రమే ఉంటే, ‘ఎండోమెట్రియోసిస్ అనుమానం’ అని కూడా రాయించుకోండి. ఆ మాట ఉంటే తీసే పద్ధతే మారుతుంది. కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, పేగుల కదలిక తగ్గడానికి ఇంజెక్షన్ ఇస్తారు. కొన్నిచోట్ల యోనిలో జెల్ పెడతారు. అది తప్పనిసరి కాదు, మీకు ఇష్టం లేకపోతే ముందే చెప్పండి. నెలసరి రోజుల్లోనే తీయాలన్న నియమం లేదు. రేడియేషన్ ఉండదు, చప్పుడు మాత్రం భరించాలి.

రిపోర్టు నార్మల్ వచ్చినా ‘నీకేం లేదు, అంతా టెన్షనే’ అంటే ఒప్పుకోకండి. పొత్తికడుపు లోపలి పొర మీద పైపైన ఉండే చిన్న ఎండోమెట్రియోసిస్ మచ్చలు తరచూ ఎంఆర్ఐకి అందవు. అప్పుడు కూడా లక్షణాలను బట్టి హార్మోన్ మాత్రలు మొదలుపెట్టొచ్చు. రోగ నిర్ధారణకు అందరికీ లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడటం) చేయాల్సిన పనిలేదని యూరప్ నిపుణుల సంఘం ఈష్రే 2022 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

నొప్పి ఏ తేదీల్లో వచ్చింది, మోషన్‌లో ఎప్పుడైనా రక్తం కనిపించిందా అన్నది ఓ కాగితం మీద రాసుకెళ్లి, స్కానింగ్ గదిలోకి వెళ్లే ముందే రేడియాలజిస్టు చేతికివ్వండి.