స్లాబు చల్లబడటానికి అప్పు చేయాలా?

ప్రశ్న: ఖమ్మంలో మాది పై అంతస్తు, స్లాబు 900 చదరపు అడుగులు. వేసవిలో రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. స్లాబుపై పఫ్ (వేడిని ఆపే పాలీయురేథేన్) ఫోమ్ కొట్టడానికి 1,35,000 రూపాయలు, కూల్ రూఫ్ పెయింటుకు 27,000 అడుగుతున్నారు. ఫోమ్ పర్యావరణానికి మంచిదేనా? 14 శాతం వడ్డీకి వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా?

జవాబు: రుణం మాత్రం వద్దు. ఫోమ్‌కు కావలసిన 1,35,000 మూడేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలకు దాదాపు 4,600 రూపాయలు కట్టాలి. వడ్డీయే 31,000 దాటుతుంది. ఇక ఆదా చూడండి. ఏసీ రోజుకు 12 యూనిట్లు కాలుస్తుందనుకుంటే 120 రోజులకు 1,440 యూనిట్లు. అందులో పావు వంతు మిగిలితే 360. యూనిట్ 8 రూపాయల లెక్కన ఏడాదికి 2,880 రూపాయలే. పదేళ్ల ఆదా ఆ వడ్డీకే చాలదు. మీకు దక్కేది ప్రధానంగా కంటినిండా నిద్ర. దానికీ విలువ ఉంది, కానీ అప్పు చేసి కొనుక్కునేంత కాదు.

పర్యావరణం సంగతి మీరు అడిగినందుకు సంతోషం. పఫ్ వేడిని బాగా ఆపుతుంది, కానీ పెట్రోలియం సరుకు. దాన్ని పొంగించడానికి వాడిన హెచ్‌సీఎఫ్‌సీ-141బీ అనే రసాయనం ఓజోన్ పొరకు చేటు చేసేది. మన దేశంలో 2020 నుంచి దానికి స్వస్తి పలికారు. అందుకే ఇప్పుడు ఏ వాయువు వాడతారో కాంట్రాక్టరును అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఎండ తగిలితే ఫోమ్ పెళుసుబారుతుంది, కాబట్టి పైన రక్షణ పూత తప్పదు. థర్మోకోల్ చవక, కానీ మంటంటుకుంటే ప్రమాదం, మట్టిలో కలవదు. రాయిని కరిగించి తీసే పీచు రాక్‌వూల్ కాలదు; అయితే ఆ కరిగింపుకు చాలా ఇంధనం కావాలి, తడిస్తే పనితనం పోతుంది.

నేనైతే తెల్లటి కూల్ రూఫ్ పూతతోనే మొదలుపెడతాను. ఎండను వెనక్కి కొడుతుంది, పైకప్పుపై బరువు పెరగదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం నడిచేదీ ఈ దారిలోనే. దుమ్ము పట్టితే పనితనం తగ్గుతుంది కనుక వేసవికి ముందు ఒకసారి కడగండి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయించండి.

స్లాబులో చెమ్మ ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి. తర్వాత నెలకు 4,600 చొప్పున రికరింగ్ డిపాజిట్ తెరవండి. ఆరు నెలల్లో పెయింటు డబ్బు చేతికొస్తుంది. ఈ ఏడాది మార్చి నుంచి జూన్ దాకా కరెంటు బిల్లులు దాచి, పూత వేసిన తర్వాతి వేసవి బిల్లులతో పోల్చండి. అప్పటికీ గది చల్లబడకపోతే ఫోమ్ గురించి మళ్లీ రాయండి.