గన్‌బోటు మొదలుపెట్టే ముందు

చిరంజీవి శ్రీకర్‌కి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అమెరికా అంతర్యుద్ధంలో జరిగిన నదీ యుద్ధాలను బల్ల మీద ఆడబోతున్నామనీ, గన్‌బోటును, అంటే ఫిరంగులు మోసే యుద్ధపడవ నమూనాను, కొనకుండా నువ్వే మొదటినుంచీ చేద్దామనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషమేసింది. కానీ నువ్వు జత చేసిన పనుల జాబితా చదివాక కంగారు కూడా వేసింది. తాళ్ళు, డెక్కు చుట్టూ కమ్మీలు, చిన్న పడవల్లో తెడ్లు, ఫిరంగి బండికి చక్రాలు! అవన్నీ పూర్తయ్యేసరికి నీ స్నేహితులు యుద్ధం ముగించి ఇంకో ఆటలోకి వెళ్ళిపోతారు.

ఇది అద్దాల బీరువాలో పెట్టే నమూనా కాదురా. పది చేతులు పట్టుకునేది, బల్ల మీద జరిపేది, ఒక్కోసారి పాచికల దెబ్బ తినేది. బల్ల పక్కన నిలబడ్డవాడికి రెండడుగుల దూరం నుంచి ఏది కనిపిస్తుందో అది చెయ్యి. కనిపించనిది వదిలెయ్యి. చెప్పినంత తేలిక కాదు ఇది. ఏం వదిలెయ్యాలో తెలియక నేను మొదటి మూడు బోట్లూ సగంలో ఆపేశాను.

ముందు ఏ బోటు చెయ్యాలో తేల్చుకో. నన్నడిగితే సిటీ క్లాస్ ఇనుప బోట్లలో ఒకటి చెయ్యి. 1861లో జేమ్స్ ఈడ్స్ అనే ఇంజినీరు ఉత్తరాది సైన్యం కోసం వీటిని ఏడు కట్టించాడు. కైరో, కారొండెలెట్, సిన్సినాటి, లూయీవిల్, మౌండ్ సిటీ, పిట్స్‌బర్గ్, సెయింట్ లూయీ వాటి పేర్లు. ఆకారం గీసినవాడు శామ్యూల్ పూక్. అందుకే వాటిని పూక్ తాబేళ్ళు అనేవాళ్ళు. పేరుకు తగ్గట్టే నీళ్ళకు కరుచుకుని ఉండే వెడల్పాటి ఒళ్ళు, దాని మీద ఏటవాలు గోడల ఇనుప పెట్టె. ఆ పెట్టెనే కేస్‌మేట్ అంటారు. వంపులు తక్కువ, చదును పలకలు ఎక్కువ. కొత్తగా చేతికి కత్తి పట్టినవాడికి ఇంతకన్నా అనుకూలమైన ఓడ లేదు. పైగా దాన్ని నడిపే తెడ్ల చక్రం శత్రువు గుండ్లకు అందకుండా వెనక భాగంలో ఒళ్ళు మధ్యలోనే దాగి ఉంటుంది. అంటే నువ్వు చక్రం చెయ్యక్కర్లేదు, దాని మీది మూపు లాంటి కప్పు చేస్తే చాలు. చక్రాల ఆకులు ఒక్కొక్కటీ అతికించి కళ్ళు పోగొట్టుకున్నవాడిగా చెబుతున్నాను, ఇది చిన్న అదృష్టం కాదు.

ఇంకో లాభం కూడా ఉంది. కైరో 1862 డిసెంబర్ 12న యాజూ నదిలో మందుపాతర పేలి మునిగిపోయింది. దాన్ని 1964లో పైకి తీశారు. మిగిలిన భాగాలు ఇప్పుడు విక్స్‌బర్గ్ యుద్ధ స్మారక పార్కులో ఉన్నాయి. కాబట్టి ఫోటోలకూ కొలతలకూ కొదవ లేదు. ఎవరో ఊహించి గీసిన బొమ్మలు చూసి చెయ్యకు.

స్కేలు 1/600 తీసుకో, అంటే అసలు బోటులో ఆరువందల వంతు. లెక్క నోటితో అయిపోతుంది, ఒక అడుగంటే దాదాపు అర మిల్లీమీటరు. అసలు బోటు పొడవు 175 అడుగులు, వెడల్పు 51 అడుగుల పైచిలుకు. నీది 89 మిల్లీమీటర్ల పొడవు, 26 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. మనిషి 3 మిల్లీమీటర్లు. నీళ్ళలో ఆరడుగులు మునిగి ఉండే భాగం నువ్వు చెయ్యవు, నీటిమట్టం దగ్గరే కోసేస్తావు. ఇక కవచం సంగతి చూడు. రెండున్నర అంగుళాల ఇనుము ఈ స్కేలులో 0.1 మిల్లీమీటరు, అంటే మామూలు ప్రింటర్ కాగితమంత మందం. నువ్వేమో రేకుల అంచులు పైకి తేలేలా అతికించాలని రాశావు. వద్దు. పెన్సిల్‌తో గీత గీస్తే చాలు.

సామాన్ల విషయానికొస్తే 1 మిల్లీమీటరు, అర మిల్లీమీటరు మందం స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీట్లు, ఉక్కు స్కేలు, కొత్త బ్లేడ్లు, చిన్న ఆకురాయి, శాండ్‌పేపర్, స్టైరీన్‌ను కరిగించి అతికించే పల్చటి సిమెంట్. లోహం అతికించడానికి సూపర్‌గ్లూ. పాత ప్లాస్టిక్ కార్డులు వాడుకోవచ్చా అని అడిగావు. అవి చాలావరకు పీవీసీ. స్టైరీన్ సిమెంట్‌తో సరిగ్గా అతుక్కోవు, వాటికి సూపర్‌గ్లూనే వాడాలి. సిమెంట్ వాసన మంచిది కాదు, కిటికీ తెరిచి పని చెయ్యి. షీటును ఒక్క దెబ్బకి కొయ్యాలని చూడకు. స్కేలు ఆనించి తేలిగ్గా రెండు మూడు గాట్లు పెట్టి వంచితే గీత వెంబడి దానంతటదే విరుగుతుంది. బలమంతా పెట్టి కోసేవాడికే బ్లేడు జారుతుంది, వేలు తెగుతుంది.

పైనుంచి చూసినప్పుడు కనిపించే ఆకారంతోనే మొదలుపెట్టు. ఆటలో అందరూ పైనుంచే చూస్తారు కదా. డ్రాయింగును సరైన సైజులో ప్రింట్ తీసి, సగానికి మడిచి, రెండు పొరలూ కలిపి కత్తిరించు. మడత విప్పితే కుడి ఎడమలు సమానంగా వస్తాయి. దాన్ని 1 మిల్లీమీటరు షీటు మీద పెట్టి గీసుకుని కోస్తే ఒళ్ళు తయారు. ఒక పొర చాలకపోతే రెండోది వెయ్యి. కానీ సిమెంట్ మధ్యలో గుమ్మరించకు. ఒకసారి ఆ పని చేశాను. అతికించిన రోజు బల్లలా చదునుగా ఉంది. మూడు వారాల తర్వాత పెట్టె తెరిస్తే ముక్కు పైకి లేచి విల్లులా వంగి ఉంది. లోపల చిక్కుకున్న సిమెంట్ ఆవిరి బయటికి పోయే దారి లేక ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తూనే ఉంటుంది. అందుకే కింది పొరకు నాలుగైదు సన్నటి రంధ్రాలు పెట్టి, సిమెంట్ అంచుల్లో, మధ్యలో కొద్ది చోట్ల మాత్రమే తాకించి, రాత్రంతా చదునైన బరువు కింద ఉంచు.

ఇప్పుడు కేస్‌మేట్. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. పక్కనుంచి గీసిన డ్రాయింగులో పెట్టె ఎత్తు 4 మిల్లీమీటర్లు ఉందని గోడల పలకలు 4 మిల్లీమీటర్లకే కోసేశాను. నిలబెట్టి చూస్తే పైకప్పుకు ఒక్కటీ అందలేదు. ఏటవాలుగా ఉన్న గోడ అసలు పొడవు డ్రాయింగులో కనిపించే ఎత్తు కంటే ఎక్కువ ఉంటుందన్నది బడిలో చదివిందే, చేతికి మాత్రం గుర్తు లేదు! 45 డిగ్రీల వాలైతే 4 మిల్లీమీటర్ల ఎత్తుకు గోడ పలక దాదాపు 5.7 మిల్లీమీటర్లు కావాలి. పైకప్పు కూడా ఆ గోడవైపు 4 మిల్లీమీటర్లు లోపలికి జరగాలి. వాలు మారితే లెక్క మారుతుంది కాబట్టి ముందు గోడకూ పక్క గోడలకూ డ్రాయింగు మీద విడివిడిగా కోణం కొలుచుకో. అన్నిటికంటే సులువైన పద్ధతి చెబుతాను. కింద పెద్ద పలక, పైన చిన్న పలక, మధ్యలో సరైన ఎత్తుకు అడ్డపట్టీలు పెట్టి ఎండనివ్వు. తర్వాత గోడలను ఒక మిల్లీమీటరు పెద్దవిగానే కోసి అతికించి, మిగిలింది ఆకురాయితో అరగదీయి. మూలల్లో సందులు రాకుండా ఉండవు. పుట్టీ పెట్టి రుద్దేస్తే, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత కింద ఎవరికీ తెలియదు.

ఫిరంగులు మొత్తం 13. ముందు మూడు, ఒక్కో పక్క నాలుగు, వెనక రెండు. ఈ లెక్క మాత్రం తప్పకూడదు, ఎందుకంటే ఎదుటివాడు పాచికలు వేసే ముందు లెక్కపెట్టేది వాటినే. కిటికీలు తొలచక్కర్లేదు, నల్లటి చతురస్రం వేసి మధ్యలో 0.8 మిల్లీమీటర్ల కడ్డీ ముక్క అతికించు. నిజానికి ఆ మందం స్కేలుకు కొంచెం ఎక్కువే. ఉండనీ. స్కేలు ప్రకారం చేస్తే రెండడుగుల దూరానికి ఫిరంగి కనబడదు. ముక్కలు కోసేటప్పుడు కడ్డీ కింద మాస్కింగ్ టేపు అతికించుకో, లేకపోతే 13 కోసి 9 వెతుక్కుంటావు.

పొగగొట్టాలు రెండూ పక్కపక్కన, ఎత్తుగా ఉంటాయి. ఆటలో మొదట విరిగేవి అవే. నా మొదటి బోటుకు ప్లాస్టిక్ కడ్డీ కప్పు మీద అతికించి మురిసిపోయాను. మొదటి ఆటలోనే ఒక మిత్రుడు కొలత టేపు అందుకోబోయి చొక్కా చేతితో రెండూ ఒకేసారి ఊడ్చేశాడు. పాపం, ఆయన ఇప్పటికీ నా బోట్ల దగ్గరికి రావాలంటే చేతులు మడుచుకుని వస్తాడు. నువ్వు 2 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం తీసుకుని, కప్పుకు రంధ్రం పెట్టి, గొట్టాన్ని కింద ఒళ్ళుగా కోసిన పలక దాకా దింపి సూపర్‌గ్లూ వెయ్యి. పైకి కనిపించే పొడవులో మూడో వంతైనా లోపల ఉండాలి. జెండా కర్రకు కూడా సన్నటి తీగే మంచిది, వంగుతుంది కానీ విరగదు. గొట్టాలను నిలబెట్టే తాళ్ళు వదిలెయ్యి. అవి లేవని ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను అడగలేదు.

పైలట్‌హౌస్ అనే బోటు నడిపేవాడి గది, చిన్న పడవలు ఒక సాయంత్రం పని. వాటి గురించి రాయను.

రంగు దగ్గర ఒక్క మాట. ఇవి నల్లటి బోట్లే, కానీ నిండు నలుపు వేస్తే ఇంత చిన్న వస్తువు బొగ్గుముక్కలా కనిపిస్తుంది. ముదురు బూడిదరంగు వేసి, పొడి బ్రష్‌తో అంచుల మీద లేత బూడిద తాకించు. ఒకే అచ్చున ఉన్న ఏడింటినీ దూరం నుంచి గుర్తుపట్టడానికి పొగగొట్టాల మీద ఒక్కో దానికి ఒక్కో రంగు పట్టీ వేసేవాళ్ళు. కైరోది బూడిద రంగు. యుద్ధంలో పుట్టిన ఆ ఏర్పాటు ఆటలోనూ అంతే పనికొస్తుంది, మూడు బోట్లు చేసినా ఏది ఎవరిదో తగువు ఉండదు. చివర మ్యాట్ వార్నిష్ రెండు పొరలు తప్పనిసరి. చేతి చెమట రంగును తినేస్తుంది.

అడుగున 2 మిల్లీమీటర్ల పలక పెట్టి, పట్టుకునేది దాన్నే అని అందరికీ అలవాటు చెయ్యి. సైజు మీ ఆట నియమాల్లో ఉందేమో చూసుకున్నాకే కోయి. నీళ్ళు నీలంగా వెయ్యకు, అది బురద నది. పేరు వెనక అంచు మీద రాయి. సెయింట్ లూయీ చేస్తే మాత్రం తేదీ చూసుకో, 1862 సెప్టెంబర్‌లో దాని పేరు బేరన్ డికాల్బ్‌గా మార్చారు. ఇలాంటివి పట్టుకునే మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. మా గుంపులో అది నేనే.

ఏదైనా ఒక రోజును మనసులో పెట్టుకుని చేస్తే పని ఇంకా రుచిగా ఉంటుంది. 1862 ఏప్రిల్ 4 రాత్రి కారొండెలెట్ ఒంటరిగా మిసిసిపీ నదిలోని పదో నంబరు దీవి దగ్గర శత్రువు ఫిరంగుల ముందునుంచి దాటిపోయింది. దానికి ముందు డెక్కు మీద పలకలు పరిచి, గొలుసులు చుట్టి, పక్కన గడ్డిమోపుల పడవ ఒకటి కట్టుకున్నారు. ఆవిరి చప్పుడు వినపడకుండా దాన్ని పొగగొట్టాల్లోకి కాక చక్రం గదిలోకి మళ్ళించారు. తడి తగలక ఎండిన మసి అంటుకుని గొట్టాల మీద మంటలు లేచాయి. చీకట్లో దాక్కుంటూ పోయే బోటుకు నెత్తిన దివిటీ! ఆ రాత్రి బోటు చెయ్యాలంటే నీకు కావలసింది సన్నటి గొలుసు, ఒక చిన్న పడవ, గడ్డిమోపులకు నాలుగు స్టైరీన్ ముక్కలు, గొట్టాల కొసన చిటికెడు నారింజరంగు. అది చూసి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కథ అడుగుతారు. తెడ్ల గురించి ఎవరూ అడగరు.

ముందు కేస్‌మేట్ దాకా చెయ్యి. రంగు వెయ్యకముందే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు తీసి పంపు. పక్కన స్కేలు పెట్టి తీయి, గోడల లెక్క నేను చూస్తాను.

నీ
పెదనాన్న