గుడ్డ డైపర్లు కొనే ముందు

చిట్టీ,

24 డైపర్ల సెట్టు తగ్గింపు ధరకు వస్తోంది, తీసుకోనా పెద్దమ్మా అని అడిగావు. ఇప్పుడే తీసుకోవద్దు. గుడ్డ డైపర్లు వద్దని కాదు. నా మనవళ్లిద్దరూ వాటితోనే పెరిగారు, ఎవరడిగినా వాడమనే చెబుతాను. కానీ అన్నీ ఒకే రకం, ఒకేసారి, అదీ బాబుకు నెల నిండకముందే కొనడం తొందరపాటు. వీటిలో కొనడం చిన్న సంగతి, ఉతకడం పెద్ద సంగతి. మోజుపడి కొని, విసుగొచ్చి అటకెక్కించిన వాళ్లను చాలామందిని చూశాను. కారిపోతున్నాయి, వాసనొస్తున్నాయి, ఒళ్లు ఎర్రబడింది అంటారు. ఎలా ఉతికారమ్మా అని అడిగితే సంగతి అక్కడే బయటపడేది. అందుకే ఈ ఉత్తరం సగం పైన ఉతుకు గురించే ఉంటుంది. ఓపిగ్గా చదువు, అల్లుడుగారి చేత కూడా చదివించు.

ఫ్రీ సైజు అని అమ్మేవి సాధారణంగా 5 కిలోల బరువు వచ్చాక గానీ పిల్లలకు అమరవు. మీవాడు ఇంకా నాలుగైనా లేడు. ఇప్పుడు వేస్తే తొడల దగ్గర సందు మిగిలి, పాల విరేచనం మొత్తం ఆ సందులోంచే వస్తుంది. ఈ రెండు నెలలూ మీ అమ్మ దాచిన పాత నూలు చీరల లంగోటీలు చాలు. రాజమండ్రి ఎండలకు వాడికి హాయిగా కూడా ఉంటుంది. తడిసినప్పుడల్లా మారుస్తుంటావు కాబట్టి వాడు రోజుకు ఎన్నిసార్లు పోస్తున్నాడో నీకు తెలుస్తుంది, పాలు సరిపోతున్నాయా లేదా అన్నదానికి అదే గుర్తు. రాత్రి నిద్ర కోసం ఒకటో రెండో వాడి పారేసే డైపర్లు వేశావనుకో, తప్పేమీ లేదు. బాలింతకు నిద్ర ముఖ్యం.

ఇక డైపర్ సంగతి. పైన తడి బయటికి రానివ్వని తొడుగు, లోపల పీల్చుకునే ప్యాడ్, అంతే. తొడుగు పాలిస్టర్ గుడ్డ, దానికి లోపలివైపు పల్చటి పాలీయురేథేన్ పొర అతికి ఉంటుంది. ఈ పొర వేడికి పాడవుతుందని గుర్తుంచుకో, కింద దీనితో పని ఉంది. తొడుగుకు సంచీలా జేబు ఉండి ప్యాడ్ అందులో దూర్చేది పాకెట్ డైపర్. ప్యాడ్ కూడా కలిపి కుట్టేసింది ఆల్ ఇన్ వన్. వేయడానికి ఇదే సులువు, అయితే మందంగా ఉండి వానాకాలంలో ఒక పట్టాన ఆరదు. ఉత్త తొడుగు కొనుక్కుని, మధ్యలో గుడ్డ మడిచి పెట్టుకోవడం అన్నిటికన్నా చవక. పాత నూలు చీర ముక్క నాలుగైదు మడతలు పెట్టి అందులో వేసినా బ్రహ్మాండంగా పీలుస్తుంది. విప్పి ఆరేస్తే ఒక్క పొరే కాబట్టి ఇట్టే ఆరిపోతుంది. కంపెనీ ప్యాడ్లన్నిటికన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ప్యాడ్లలో మైక్రోఫైబర్ గబుక్కున పీల్చుకుంటుంది, కానీ పిల్లాడు కూర్చుని నొక్కితే పీల్చిందంతా బయటికి వదులుతుంది. పైగా ఒంటికి నేరుగా తగలకూడదు, చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది. జేబులో ఉంటే పరవాలేదు. వెదురు ప్యాడ్, హెంప్ అనే మొక్క నారతో చేసిన ప్యాడ్ నెమ్మదిగా పీల్చినా ఎక్కువ పట్టుకుంటాయి. రాత్రికి రెండూ కలిపి వెయ్యి, మైక్రోఫైబర్ పైన, హెంప్ కింద. నూలు, వెదురు ప్యాడ్లు కొత్తలో సరిగా పీల్చవు. నాలుగైదు సార్లు ఉతికి ఆరేస్తే గానీ వాటికి ఆ గుణం రాదు. ఈ సంగతి తెలియక మొదటి రోజే కారిందని తిరిగి పంపేసేవాళ్లు ఉన్నారు.

కాబట్టి మూడో నెలలో మూడంటే మూడు కొను, మూడు రకాలవి. సూపర్‌బాటమ్స్, బంబెర్రీ, బంపాడమ్, ఇలా మన దేశంలో తయారయ్యేవే బోలెడున్నాయి. ఒక పిల్లాడి తొడలకు నప్పింది ఇంకొకడికి నప్పదు. మీవాడికి ఏది అమరిందో చూసి మిగతావి తీసుకో. రోజంతా ఇవే వాడాలంటే 18 దాకా కావాలి. ఒక్కోటి 500 రూపాయలనుకుంటే 9,000 అవుతుంది. వాడి పారేసేవి రోజుకు ఆరు, ఒక్కోటి 10 రూపాయలనుకున్నా నెలకు 1,800. ఐదు నెలల్లో పెట్టిన డబ్బు తిరిగొచ్చినట్టే, ఆ తర్వాత ఇంకా ఏడాదిన్నర వాడతావు.

తొడిగేటప్పుడు తొడ దగ్గరి ఎలాస్టిక్ గజ్జల మడతలో కూర్చోవాలి, తొడ మీదికి జారి ఉండకూడదు. నడుం దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. లోపలి గుడ్డ అంచు ఒక్క పిసరు బయటికి కనిపించినా చొక్కా అంతా తడిసిపోతుంది. మగపిల్లాడు కాబట్టి ప్యాడ్‌ను ముందువైపు ఒక మడత ఎక్కువ పెట్టు, మర్మాంగం కిందికి ఉండేలా సర్ది అప్పుడు టిచ్ బటన్లు పెట్టు. విప్పాక ఎలాస్టిక్ గుర్తులు లేత ఎరుపులో ఉండి కాసేపట్లో పోతే ఫరవాలేదు. లోతుగా పడితే ఒక బటన్ వదులు చెయ్యి.

అంత మందం గుడ్డ కాళ్ల మధ్య పెడితే నడక దొడ్డికాళ్లు అవుతుందని మీ అత్తగారు భయపడుతున్నారన్నావు. ఆవిడకు నెమ్మదిగా చెప్పు. పసివాళ్ల కాళ్లు కప్పలా విడిగా ముడుచుకుని ఉండటమే తుంటి కీలుకు మంచిది. చేటు చేసేది కాళ్లు రెండూ తిన్నగా చాపి గుడ్డతో బిగించి చుట్టడం. నీళ్లు పోసే అమ్మ అలా చుడుతుంటే మాత్రం మొహమాటపడకుండా ఆపు. ఇవన్నీ నిన్నటి వింతలేమీ కావని కూడా చెప్పు. 1940ల్లో అమెరికాలో మేరియన్ డోనవన్ అనే తల్లి, తడిసిన పక్కలు మార్చలేక స్నానాల గది కర్టెన్ కత్తిరించి తొడుగు కుట్టింది. తర్వాత దాన్నే పారాచూట్ నైలాన్‌తో చేసి, పిన్నీసుల బదులు టిచ్ బటన్లు పెట్టి, 1951లో పేటెంటు తీసుకుంది. మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఇప్పుడు ఉతుకు. తడిసిన డైపర్ తీయగానే ప్యాడ్ బయటికి లాగి, కుళాయి కింద పిండి, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టలో వెయ్యి. బకెట్ నీళ్లలో నానబెట్టి ఉంచొద్దు. కుళ్లు వాసన వస్తుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది. రేపు వాడు పాకడం మొదలుపెడితే ఇంట్లో నీళ్ల బకెట్ ఉండటమే ప్రమాదం. తల్లిపాల విరేచనం నీళ్లకు పోతుంది. అన్నప్రాశన అయ్యాక టాయ్‌లెట్‌లో దులిపేసి, పక్కనున్న జెట్ స్ప్రేతో కొడితే చాలు. ఈ పని మాత్రం ఇంట్లోవాళ్లే చేయాలి, పనమ్మాయికి వదలకూడదు. నువ్వు ఇంకా నీళ్లలో చేతులు పెట్టకూడదు కాబట్టి ఇప్పటికి మీ అమ్మ చూస్తుంది, ఊరెళ్లాక అల్లుడుగారు చూసుకోవాలి.

రెండు రోజులకోసారి, మహా అయితే మూడో రోజున మెషీన్‌లో వెయ్యి. ముందు ఉత్త చల్లనీళ్లతో ఒకసారి తిప్పి ఆ నీళ్లు పోనివ్వు. అప్పుడు మామూలు డిటర్జెంట్ పౌడర్‌తో, 40 డిగ్రీలు మించని నీళ్లతో, పెద్ద సైకిల్. పసివాడి గుడ్డలని జాలిపడి అర చెంచా పౌడర్ వేస్తారు చూడు, అది తప్పు. సరిపడా వేసి బాగా జాడించాలి. మెత్తదనం కోసం పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, అది గుడ్డ మీద పూతలా పట్టి పీల్చనివ్వదు. డెట్టాల్ లాంటివి పోయడం కూడా మానెయ్యి. ఆ మిగులు పసివాడి చర్మానికి మంట, శుభ్రానికి డిటర్జెంటూ ఎండా సరిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు నువ్వు ఐదో నెలలో హైదరాబాద్ వెళ్లాక వస్తుంది. గోదావరి నీళ్లకు నురగ ఇట్టే వస్తుంది. మీ ఫ్లాట్‌లో బోరు నీళ్లు, గట్టి నీళ్లు. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారి గుడ్డ పోగుల్లో చిక్కుకుంటాయి. బార్ సబ్బుతో ఇది మరీ ఎక్కువ. ఇక్కడ నెలల తరబడి చక్కగా పనిచేసినవే అక్కడ కారడం మొదలుపెడితే కంగారుపడకు. ఆరిన ప్యాడ్ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడు. ఇంకిపోకుండా ముత్యాల్లా నిలబడ్డాయా, పూత పట్టినట్టు. తడవగానే ముక్కు అదిరే ఘాటు వాసన వస్తే లోపల ఉచ్చ మిగిలిపోయినట్టు. ప్యాడ్లను మాత్రం వేడినీళ్లలో కొద్దిగా చాకలి సోడా వేసి నానబెట్టి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించు. తొడుగులను వేడినీళ్లలో వేయొద్దు, ఆ పొర ఊడొస్తుంది. మున్సిపల్ నీళ్లు వచ్చే రోజునే డైపర్ల ఉతుకు పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ప్యాడ్లు ఎండలో, తొడుగులు నీడలో ఆరెయ్యి. పసుపు మరక పోలేదని బ్లీచింగ్ జోలికి పోవద్దు, తడి ప్యాడ్‌ను మంచి ఎండలో పరిస్తే దానంతటదే వెలిసిపోతుంది. తొడుగును దండెం మీద అడ్డంగా వెయ్యి, ఎలాస్టిక్ పట్టి వేలాడదీయకు. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద ఆరబెట్టు, చెమ్మ ఉండగా మడిచి పెట్టకు.

పర్యావరణం కోసమే వాడాలనుకుంటున్నానని అన్నావు, సంతోషం. అది కూడా ఉతుకును బట్టే ఉంటుంది. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్క కట్టి ఇదే చెప్పింది. నిండుగా మెషీన్ వేసి, డ్రైయర్ లేకుండా తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకు కూడా అవే వాడితే మేలు, లేకపోతే తేడా పెద్దగా లేదని. మనకు ఎండ ఉంది, దండెం ఉంది. ప్రయాణాల్లో వాడి పారేసేవి వేస్తే చెత్తలో కలపకుండా కాగితంలో చుట్టి విడిగా ఇవ్వు.

నూనె రాసి నలుగు పెట్టాక ఒంటి జిడ్డు పోయేలా నీళ్లు పోసి, తడి ఆరాకే డైపర్ వెయ్యి. పౌడర్ అక్కర్లేదు. తడిసినా తడవకపోయినా రెండు మూడు గంటలకోసారి మార్చు, దొడ్డికెళితే ఆ క్షణమే. రోజూ కాసేపు ఏమీ లేకుండా గాలికి వదులు. ఎర్రబడితే క్రీమ్ రాయొచ్చు, కానీ క్రీమ్‌కూ ప్యాడ్‌కూ మధ్య పాత నూలు గుడ్డ ముక్క వెయ్యి, లేకపోతే ఆ జిడ్డు ప్యాడ్‌కు పట్టేస్తుంది. రెండు రోజుల్లో తగ్గకపోయినా, గజ్జల మడతల్లో బాగా ఎర్రగా ఉండి చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపించినా అది ఫంగస్ వల్ల వచ్చేది కావచ్చు, పిల్లల డాక్టరుకు చూపించు. మందుల షాపులో అడిగి తెచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, డాక్టరు రాయనిదే అవి ముట్టుకోవద్దు.

వచ్చే నెల బరువు చూపించాక ఎంతున్నాడో చెప్పు, ఏ మూడు కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం. నా దగ్గర మనవళ్లవి కొన్ని తొడుగులు ఉన్నాయి, ఎలాస్టిక్ ఇంకా బిగువుగానే ఉంది. ఉతికి, ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను.

మీ పెద్దమ్మ