సిమెంటు కట్టు విప్పాక చీలమండ వంగట్లేదు, అలిపిరి మెట్లు ఎక్కొచ్చా? – సమాధానం

అమ్మగారి చీలమండ విరిగి, ఆరు వారాల కట్టు విప్పి పది రోజులైంది, పాదం పైకి లేవట్లేదు, వచ్చే నెల అలిపిరి మొక్కు అన్నారు. ముందు ఎక్స్‌రే చూసిన డాక్టరు పూర్తి బరువు వేయొచ్చన్నారో లేదో తేల్చుకోండి.

అన్నారంటే, ఆ బిగుతు ఎక్కువగా కదలక పట్టేసిన పిక్కదీ కీలుదీనండీ. కాలు చాపి కూర్చుని, పాదం ముందుభాగానికి తువ్వాలు వేసి తనవైపు 30 సెకన్లు లాగి పట్టాలి. 3 సార్లు, మూడు పూటలా. మోకాలు చాపి ఒక విడత, కొద్దిగా వంచి ఇంకో విడత. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, మెట్లకు కావలసింది అదే. తర్వాత గోడ పట్టుకుని రెండు కాళ్లతో మునివేళ్లపై లేవడం, 10 సార్లు. మర్నాటికీ నొప్పి ఉంటే సగం చేయండి.

సాయంత్రం వాపుకు నూనె రాసి గట్టిగా రుద్దించొద్దు. పడుకోబెట్టి పాదం గుండె కంటే ఎత్తులో 20 నిమిషాలు పెట్టండి. పిక్క ఉబ్బి, వేడిగా నొప్పిగా ఉంటే మాత్రం రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అలిపిరి దారి 3,550 మెట్లు. వచ్చే నెల వద్దే వద్దు, మొక్కు వాయిదా వేయండి. గోడ తాకుతూ దెబ్బ కాలొక్కదానిపై మునివేళ్లకు లేవగలిగాక, ఇంటి మెట్లతో మొదలెట్టండి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు.