రామప్ప కోసం కెమిస్ట్రీ వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతోంది. రామప్ప గుడి చూసొచ్చినప్పటి నుంచి కేంద్ర సాంస్కృతిక శాఖలో ఉద్యోగం చేస్తానని, అందుకు ఎంఏ హిస్టరీలో చేరతానని అంటోంది. ఆ శాఖలో పాటలు, డ్యాన్సుల ప్రోగ్రాములు తప్ప ఇంకేం ఉంటాయి? మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, ములుగు జిల్లా

జవాబు: ఆ ఎంఏ అప్లికేషన్ కొన్నాళ్లు ఆపమనండి. ఢిల్లీలోని మంత్రిత్వ శాఖ ఆఫీసులో జరిగేది చాలావరకు ఫైళ్ల పని: నిధులు, చట్టాలు, స్కీములు. మీ అమ్మాయి కోరుకునే పని దాని కింది సంస్థల్లో ఉంది. 1861లో మొదలైన పురావస్తు సర్వే, అంటే ఏఎస్ఐ, వాటిలో పెద్దది. నేషనల్ ఆర్కైవ్స్, సాహిత్య అకాడమీ, మన సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఈ శాఖవే. (సినిమాలు మాత్రం సమాచార, ప్రసార శాఖవి. చాలామంది ఇక్కడే పొరబడతారు.) 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్పను కాపాడే బాధ్యత ఏఎస్ఐదే.

ఆ ఏఎస్ఐకి డెహ్రాడూన్ కేంద్రంగా ఒక సైన్స్ బ్రాంచి ఉంది. రాతి మీద పట్టిన నాచు, గోడల్లోంచి పైకి తేలే ఉప్పు, ఏళ్ల తరబడి పేరుకున్న దీపాల మసి, లేపాక్షి పైకప్పు బొమ్మల్లాంటి పాత చిత్రాల రంగులు... వీటి సంగతి చూసేది కెమిస్టులే. ఏ రసాయనం ఎంత గాఢతలో వాడాలో తెలియకపోతే మసితో పాటు బొమ్మా పోతుంది. ఇలాంటి పరిశోధనకే లక్నోలో 1976 నుంచి ఒక జాతీయ ప్రయోగశాల నడుస్తోంది.

కాబట్టి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వైపే నా మొగ్గు. ఈ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. అవి వచ్చేదాకా ఫార్మా కంపెనీల దారి తెరిచే ఉంటుంది. ఎంఏ హిస్టరీ చేస్తే ఆ వెసులుబాటు ఉండదు. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ కోర్సు ఉంది, దాని అర్హతలూ చూడండి. తవ్వకాల మీదే మనసుంటే సంగతి వేరు. అప్పుడు ప్రాచీన చరిత్రో, ఆర్కియాలజీయో పీజీ చేసి గ్రేటర్ నోయిడాలోని ఏఎస్ఐ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల డిప్లొమాకు వెళ్లాలి.

గెజిటెడ్ ఉద్యోగాలకు యూపీఎస్సీ, కింది స్థాయి వాటికి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) నోటిఫికేషన్లు చూస్తుండాలి. ఉద్యోగం వస్తే పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడొచ్చు. దానికి మీరూ, అమ్మాయీ సిద్ధమేనా అన్నది ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.