తాతగారి పెట్టెలో నల్లపిల్లి

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళి వచ్చారు. ఆయన ట్రంకుపెట్టెలో నల్లపిల్లి బొమ్మ ఉన్న గుడ్డ బిళ్ళ దొరికింది. పిల్లి ఎదురైతే ప్రయాణమే మానుకునే మన వైపు నుంచి వెళ్ళిన సైనికుడి భుజానికి పిల్లి గుర్తు ఎందుకు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: అది 17వ భారత పదాతి డివిజన్ (వేలమంది సైనికులుండే పెద్ద దళం) గుర్తు. డివిజన్ సంఖ్యను వాహనాల మీద బాహాటంగా రాస్తే ఏ దళం ఎక్కడుందో శత్రువుకు ఇట్టే తెలిసిపోతుంది కనుక, బ్రిటిష్ సైన్యం మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే అంకెలకు బదులు బొమ్మలను వాడటం మొదలుపెట్టింది. పలు భాషల సిపాయిలున్న భారత సైన్యంలో, ఇంగ్లీషు చదవలేనివారు కూడా గుర్తుపట్టగల బొమ్మ మరింత అక్కరకు వచ్చి ఉంటుంది.

ఏ జంతువును ఎంచుకోవాలో చెప్పే నియమం ఒకటంటూ లేదు. ఈజిప్టు ఎడారిలో పోరాడిన 7వ కవచ (ట్యాంకుల) డివిజన్, వెనుక కాళ్ళ మీద గంతులు వేసే జెర్బోవా అనే ఎడారి ఎలుకను తీసుకున్నది. ఐస్‌లాండ్‌లో కాపలా కాసిన 49వ డివిజన్ ధ్రువపు ఎలుగుబంటిని తీసుకున్నది. మొదట తల వంచుకొని ఉన్న ఆ ఎలుగు మరీ లొంగిపోయినట్లు కనబడుతున్నదని తరువాత వచ్చిన సేనాధిపతి తల పైకెత్తించాడు. గుర్తు విషయంలో సైన్యానికి ఎంత పట్టింపు ఉండేదో ఇది చెబుతుంది. బెంగాల్ రాయల్ పులి 26వ భారత డివిజన్‌కు చిహ్నమైంది. 11వ కవచ డివిజన్ ఎద్దు మాత్రం దాన్ని నెలకొల్పిన హోబర్ట్ అనే సేనాధిపతి వంశచిహ్నం నుంచి వచ్చింది.

ఇక మీ పిల్లి సంగతి. బ్రిటన్‌లో చాలామందికి నల్లపిల్లి శుభసూచకం కనుక, ఆ గుర్తును నిర్ణయించిన బ్రిటిష్ అధికారులకు మన శంక కలిగి ఉండదు. 1942లో బర్మాలోని సిట్టాంగ్ నది వద్ద, తన రెండు బ్రిగేడ్లు (డివిజన్‌లోని ఉపదళాలు) అవతలి గట్టున ఉండగానే వంతెనను తామే పేల్చివేయవలసి వచ్చిన ఈ డివిజన్, 1944లో ఇంఫాల్ వద్ద నిలబడి, మరుసటి ఏడాది బర్మాలోని మెయిక్టిలా పట్టణాన్ని పట్టుకున్నది. నేటి భారత సైన్యంలోని 17వ పర్వత డివిజన్‌కూ ఆ నల్లపిల్లే గుర్తు.

బిళ్ళతోపాటు తాతగారి డిశ్చార్జి పుస్తకం ఉన్నదేమో వెదకండి. అందులో డివిజన్ పేరు కాక ‘మద్రాసు సాపర్లు’ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) వంటి దళం పేరు ఉంటే కంగారుపడవద్దు. ఆ సాపర్ల కంపెనీలను వేర్వేరు డివిజన్లకు జతచేసి పంపేవారు.