వాళ్లను తోడికోడళ్లను చేయకు

విజయనగరం

చిరంజీవి అమ్మలుకు,

నువ్వు నవల మొదలుపెట్టావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. "ఇద్దరు ఆడపిల్లల కథట అక్కా" అంటూ, పక్క గదిలో ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత కలం పట్టినదానివి నువ్వే అన్న గర్వం ఒక పక్క, నిన్ను ఎవరేమంటారో అన్న దిగులు ఇంకో పక్క. అయినా ఇంత పెద్ద సంగతి నేను మీ అమ్మ నోట వినాలా? నాకు ఒక్క మాట చెప్పకూడదా?

రోజూ రాయి. రాసింది పైకి చదువుకో. సగంలో ఎవరికీ చూపించకు. శ్రీకాకుళం వెళ్లి, తెలుగు కథల గ్రంథాలయం కథానిలయంలో నాలుగు రోజులు కూర్చో; కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు 1997లో దాన్ని నెలకొల్పింది నీలాంటి పిల్లల కోసం కూడా. ఇవన్నీ నీకు తెలిసినవే.

"చక్కగా ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ప్రేమకథ రాసుకోవచ్చు కదా" అని మీ అమ్మ బాధ. నేను చదివినంతలో, ప్రేమని పైకి చెప్పని ఇద్దరు ఆడవాళ్ల జంట పక్కన చాలా ప్రేమకథలు వెలవెలబోయాయి. ఎందుకో ఆలోచించావా? మన భాషలో బావ అంటే చాలు, సగం ప్రేమను ఆ మాటే మోస్తుంది. మరదలు అంటే మిగతా సగం. ఇక కథంతా కులం, కట్నం, తండ్రి కోపం చుట్టూ తిరుగుతుంది. ఆ ఇద్దరూ ఒకరిలో ఒకరు ఏం చూసుకున్నారో చెప్పకపోయినా మూడు ముళ్ల దాకా నడిచిపోతుంది. ఇద్దరు ఆడవాళ్లకు అలాంటి వరస లేదు. స్నేహితురాలు అన్న మాట ఒకటి ఉంది, అది చాలదు. కాబట్టి చూపు దగ్గర నుంచి పలకరింపు దాకా అన్నీ వాళ్లే కొత్తగా సంపాదించుకోవాలి. ఎవరు వడ్డించాలో, ఎవరు ముందు తినాలో వాళ్ల మధ్య ముందే నిర్ణయమై ఉండదు. ఒకరు ఇంకొకరికి మంచినీళ్లు అందిస్తే అది ఆచారం కాదు, ఇష్టం. చదివేవాళ్ల కళ్లు ఆ గ్లాసు మీదే నిలిచిపోతాయి.

ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ఇద్దరు ఆడవాళ్ల కథ ‘లిహాఫ్’ను ఒక చిన్నపిల్ల కళ్లతో చెప్పింది. గోడ మీద కదిలే దుప్పటి నీడ తప్ప ఆ పిల్లకు ఏమీ అర్థం కాదు. దానికే లాహోరులో కోర్టుకు లాగారు. కేసు నిలవలేదనుకో. నీకు ఆ భయం లేదు. అలాంటి సంబంధాన్ని నేరంగా చూసిన, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకు వర్తించదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి హక్కు మాత్రం 2023లో ఇవ్వలేదు. నా భయం కోర్టు గురించి కాదు తల్లీ, వీధి గురించి.

1983లో ఒక వారపత్రికకు కథ పంపాను. మా వీధి చివర ఇద్దరు టీచర్లు ఒకే గది అద్దెకు తీసుకుని ఉండేవారు. పుస్తకాల కోసం సాయంత్రాలు వెళ్లేదాన్ని. ఒకరోజు భోజనానికి ఉండమన్నారు. పెద్దావిడ గిన్నె అడుగున ఎర్రగా పట్టిన మాడును అట్లకాడతో విరగకుండా లేపి, కాస్త ఉప్పు, నూనె రాసి, చిన్నావిడ కంచం అంచున పెట్టింది. పెద్దావిడకూ అదంటే ప్రాణమని చిన్నావిడకు తెలుసు. సగం విరిచి తిరిగి ఆవిడ కంచంలో పెట్టింది. ఇద్దరూ తలెత్తలేదు, ఒక్క మాట అనుకోలేదు. నాకు మాత్రం గొంతు పట్టేసినట్టయింది.

అంతా ఉన్నదున్నట్టు రాశాను. గదికి ఉన్న నీలం తలుపు, నూతి పక్క సన్నజాజి పందిరి, ఏదీ మార్చలేదు. చివరి పేజీకి వచ్చేసరికి చేయి వణికింది. ఇద్దరు అన్నదమ్ములను పుట్టించి వీళ్లను వాళ్లకిచ్చి పెళ్లి చేసేశాను. తోడికోడళ్లయితే జీవితాంతం ఒకే ఇంట్లో ఉంటారు కదా అనుకున్నాను. చక్కటి ముగింపు అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

తలుపు రంగును బట్టి ఆ టీచర్లు ఎవరో వీధంతా పోల్చుకుంది. రెండు నెలల్లో ఇంటావిడ గది ఖాళీ చేయించింది. చిన్నావిడ బదిలీ మీద వెళ్లిపోయింది. వెళ్లే ముందు నా పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చి, "బాగా రాశావమ్మా" అని మాత్రం అంది. తర్వాత కొన్నాళ్లకు పలాస ముద్రతో ఒక కార్డు వచ్చింది. సంతకం లేదు. ఒకటే వాక్యం: "పెళ్లయ్యాక ఆ మాడు ఎవరికి పెట్టింది?"

దానికి ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. దాచవలసిన తలుపును చూపించాను, చూపవలసిన ప్రేమను దాచేశాను. నువ్వు సూచనగానే చెప్పు, తప్పు లేదు. ఆ మాడు ముక్క సూచనే. అన్నదమ్ములు మాత్రం అబద్ధం. ధైర్యం చాలకపోతే రాయడం ఆపి నాలుగు రోజులు ఆగు, అంతే గానీ వాళ్లకు పెళ్లిళ్లు చేయకు. ఒకరిని జ్వరంతోనో రైలు కిందనో చంపకు. నీకు తెలిసిన ఇల్లు, వీధి, ఊరు మార్చెయ్యి. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట విను. మళ్లీ మళ్లీ చెబుతున్నానని విసుక్కోకు.

ఇది నీ కథేనా అని నేను అడగను. మీ అమ్మనూ అడగనివ్వను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. ఆ రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర కాలు పెట్టే చోటుండదు, ముందు రోజే వచ్చెయ్యి. రాసినంత వరకు తీసుకురా. ఆ కార్డు బీరువాలో చీరల కింద ఉంది, చూపిస్తాను. తోడుగా ఎవరినైనా తీసుకురావాలనిపిస్తే తీసుకురా. కుక్కరు పక్కన పెట్టి, అన్నం గిన్నెలోనే వండుతాను.

నీ పెద్దమ్మ